గాటుకు ఎదురుగా

జూన్ 2

కంటి డాక్టరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. "శుక్లాలు ముదిరాయి. నెలాఖరుకు ఆపరేషన్ పెట్టుకుందాం. ఈలోపు ఏ పూట ఎలా కనపడుతోందో రోజూ రాసుకోండి" అంది. పుస్తకం నా కొట్లోదే, పాత స్టాకు. ఎవరో లెక్కలు రాసి వదిలేసిన మొదటి ఆరు పేజీలూ చింపేశాను.

కుడి కన్ను: పొద్దున ఫరవాలేదు. మధ్యాహ్నం నుంచి పాలు కలిపిన నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంది. ఎడమ కన్ను: కుడి కంటే మేలు.

మా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది. "ఇరవై రెండేళ్ళు జనం నాణేల్లో లోపాలు పట్టారు. ఇప్పుడు మీ లోపాలు మీరే రాసుకోండి" అని నవ్వుకుంటూ వెళ్ళింది. ఈ పుస్తకం ఇంటికి తేకూడదు. కొట్లోనే, సొరుగులో.

హెడ్మాస్టారు ఫోన్ చేశారు. ఆయన బడి వదిలి పదిహేనేళ్ళయింది కానీ మా నాణేల సంఘాన్ని ఇప్పటికీ అయిదో తరగతిలాగే నడుపుతారు. ఇరవై రెండో తారీఖు ఆదివారం కొత్త పరీక్షకులకు నేను క్లాసు చెప్పాలట. టంకశాలలో జరిగిన తప్పు ఏది, బయట తగిలిన దెబ్బ ఏది, తేడా ఎలా పట్టాలి అన్నది పాఠం. "కత్తి పడేలోపు మీ కళ్ళు మాకు అప్పజెప్పి వెళ్ళండి" అన్నారు. సరేనన్నాను. పొగిడితే పడిపోతాను, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

జూన్ 3

రెండు కళ్ళూ మసక. దీపం చుట్టూ పొగ.

జూన్ 5

ఈ రోజు కొట్టుకు ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ ముఖాలు మాడ్చి పంపాను.

మొదట కుళాయిలు బాగుచేసే ఆయన. నాణెం చిన్నదైపోయి, అంచు లోపలికి మడుచుకుని, గిన్నెలా ఉంది. టంకశాలలో ఇలా పుట్టిందని ఎవరో చెప్పారట. "ఎక్కడ దొరికింది?" అన్నాను. "బట్టలుతికే మిషన్ విప్పితే డ్రమ్ము సందులో." మరి నెలల తరబడి ఆ డ్రమ్ములో దొర్లితే నువ్వయినా నేనయినా అంచులు మడుచుకోమా? నవ్వాడు కానీ మనసులో తిట్టుకునే ఉంటాడు.

తరువాత ఒక నర్సు. నాణెం మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి, లోపలికి దిగి ఉన్నాయి. రెండు నాణేలు కలిపి వైసులో పెట్టి మర తిప్పి బిగించారు, అంతే. మూడో ఆయన ఎవరో చెప్పలేదు. నాణెం మీద బుడిపెలున్నాయి, మంటలో కాలింది. ముగ్గురికీ ఒకటే మాట చెప్పాను, దెబ్బ.

క్లాసుకు ఇలా రాసుకున్నాను. టంకశాలలో తప్పు జరిగితే నాణెం మొత్తానికి తెలుస్తుంది, ప్రతి మూలా సాక్ష్యం చెబుతుంది. బయట తగిలిన దెబ్బ సంగతి ఆ తగిలిన చోటుకు తప్ప మిగతా నాణేనికి తెలియదు.

దీనికి నాన్న చెప్పిన గుర్తే అన్నిటికంటే మంచిది. నాన్న బస్సు కండక్టరు. సంచీ నిండా రోజూ చిల్లర. ఇంటికొచ్చి సంచీ బోర్లించి నన్నూ తమ్ముణ్ణీ చెరో పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "ముక్క ఎగిరిపోయిన నాణెం దొరికితే ఆ గాటును చూడకండిరా. గాటుకు సరిగ్గా ఎదురుగా చూడండి" అనేవాడు. బొమ్మ పడకముందే, వట్టి బిళ్ళగా ఉన్నప్పుడే ముక్క పోయి ఉంటే, అంచు చుట్టూ ఎత్తుగా గట్టు కట్టే మిషన్లో ఎదురువైపు సరిగ్గా ఒత్తిడి పడదు. అక్కడ గట్టు పలచబడుతుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. తరువాత ఎవరైనా కోసిన నాణేనికి ఎదురు గట్టు నిక్షేపంగా ఉంటుంది. గాటును నకలు చేయగలరు కానీ ఎదురు గట్టును ఎవరూ నకలు చేయలేరు.

దీనికి చూపించడానికి నా దగ్గర సరైన నాణెం లేదు. బోర్డు మీద బొమ్మ గీస్తే సరిపోతుంది.

జూన్ 8, ఆదివారం

కొట్టు తీయాల్సిన రోజు కాదు. దుమ్ము దులుపుదామని తీశాను. తీయకపోయి ఉంటే.

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. వెనక వెలుతురు, ముఖం కనపడలేదు. "ఈ రోజు సెలవమ్మా" అన్నాను.

"పెదనాన్నా, నేను."

దగ్గరికి వచ్చాక కనుబొమలు చూసి గుర్తుపట్టాను. తమ్ముడి కనుబొమలే, నడిమధ్యలో కలిసిపోయి. ఆఖరిసారి చూసినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల. ఇప్పుడు ఇరవై. వాషర్లు చేసే ప్రెస్సు షాపులో ఆరు నెలల నుంచి పని నేర్చుకుంటోందట.

"నాన్న పంపలేదు. నేను వచ్చినట్టు కూడా తెలీదు" అని ముందే చెప్పి, సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

పడవ బొమ్మ నాణెం. ఒక పక్క నెలవంకలా గాటు. నడిమధ్యలో, తెరచాప మీద, ఒక రంధ్రం.

"నాన్న పనిముట్ల పెట్టె తాళంచెవికి కట్టిన బిళ్ళ ఇది. తాళంచెవి మేకుకే వదిలి ఇదొక్కటీ తీసుకొచ్చా. ఇంత పెద్ద ఫిట్టరు, తాళం బిళ్ళకి రంధ్రం ఎక్కడ పెట్టాలో తెలీదు, మధ్యలో పెట్టాడు, ఎప్పుడూ వంకరగా వేలాడుతుంది అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది" అంది. నవ్వించాలని అన్నదేమో. నాకు నవ్వు రాలేదు.

"రంధ్రం ఎప్పుడు పెట్టాడు?"

"ఆ రోజే. మీ నాణేల సంఘం ఎగ్జిబిషన్ నించి ఇంటికి రాలేదు, తిన్నగా షాపుకెళ్ళాడు. నన్ను కూడా తీసుకెళ్ళాడు."

తరువాత వాళ్ళ ప్రెస్సు గురించి చెప్పింది. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే బిళ్ళలు కోసే పంచ్ పాత రంధ్రం మీదే కొంత పడుతుందట, అప్పుడు వాషరు ఒక పక్క కొరుక్కుపోయి వస్తుందట. "రోజుకి పదైనా ఏరి అవతల పారేస్తాం. మొదటి రోజే నాకు మన నాణెం గుర్తొచ్చింది" అంది. మన నాణెం అంది.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా?"

"షాపులో నన్నేమని పిలుస్తారో తెలుసా పెదనాన్నా? ఆకురాయి కూతురని."

"ఎవరు పెట్టారే ఆ పేరు?" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆ పిల్ల నాణేన్ని నా వైపుకు జరిపింది. "నిజంగా టంకశాల తప్పయితే అవునని రాసివ్వండి. కాకపోతే కాదని రాసివ్వండి, మళ్ళీ అడగను. కానీ ఈసారి ఎదురుగా కూడా చూసి రాయండి. తాతయ్య చెప్పాడుగా."

మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

జూన్ 9

చూడలేదు.

జూన్ 10

చూడలేదు. చుక్కల మందు వేసుకున్నాక గంటసేపు ఏమీ ఆనదు. ఈ కళ్ళతో పరీక్ష చేయడం న్యాయం కాదు.

జూన్ 11

చూశాను. పొద్దున పది గంటలకు, కిటికీ దగ్గర, పెద్ద భూతద్దంతో.

గాటు దగ్గర అక్షరాలు రెండు గాటువైపుకు సాగి ఉన్నాయి. కోసిన నాణెంలో అక్షరం సాగదు, తెగుతుంది. గాటు చివర ఒక మూల మీద ఇనుము అరగదీసే ఆకురాయి గీతలు, నాలుగో అయిదో. గీతలు ఆ మూలనే ఉన్నాయి, లోపల వంపులో ఒక్కటీ లేదు. ఎదురుగా గట్టు లేదు. ఉండాల్సిన చోట అరిగిన మెట్టులా చదునుగా ఉంది, నా చిటికెన వేలి గోరంత మేర.

టంకశాల తప్పు. సందేహం లేదు. రంధ్రం సంగతి వేరు, అది దెబ్బ.

పదకొండేళ్ళ క్రితం ఎగ్జిబిషన్లో దీన్ని కోత అన్నాను. అప్పుడు నాకెందుకు తెలియలేదంటే, కారణాలున్నాయి. ఆ రోజు సాయంత్రమైపోయింది. హాల్లో ఉన్నవి రెండు గుడ్డి దీపాలు. జనం మీద పడుతున్నారు. గీతలు కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. పైగా తమ్ముడే ఒప్పుకున్నాడు రుద్దానని. ఫిట్టరు చేతిలో నాణెం, దాని మీద ఆకురాయి గీతలు, ఎవరైనా ఏమనుకుంటారు? అదీగాక శుక్లాలు అప్పటికే మొదలై ఉంటాయి. ఇవి ఒక్క రోజులో రావు కదా. ఈసారి డాక్టరమ్మను అడగాలి.

జూన్ 13

అడిగాను.

"పదకొండేళ్ళా!" అంది డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేస్తూ. "అయిదేళ్ళ క్రితం కళ్ళజోడు మార్చుకోడానికి నా దగ్గరికే వచ్చారు. అప్పుడు మీ కంట్లో మచ్చ కూడా లేదు. ఆ వయసులో అంత మంచి కళ్ళు అరుదని కూడా రాశాను, చూడండి."

చూపించింది. నిజంగానే రాసింది.

రోజూ రాస్తున్నారా అని అడిగితే రాస్తున్నానన్నాను. పుస్తకం తెచ్చి చూపించమంది. మరిచిపోయానని చెప్పాను.

జూన్ 14

సరే, కళ్ళు బాగానే ఉన్నాయి. వెలుతురు లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటవరసకు అన్నట్టు అడిగాను. "ఆ ఏడాది ఎగ్జిబిషన్లో సాయంత్రం దీపాలు పోయాయి, గుర్తుందా?"

మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఏ ఏడాది?" అంది, తెలిసే.

"అదే. తమ్ముడు వచ్చిన ఏడాది."

"సాయంత్రమేమిటండీ? పొద్దున పదకొండు గంటలకి. మీరు కిటికీ దగ్గర నిల్చున్నారు. ఎండ ముఖం మీద పడుతోందని నేను తెర వెయ్యబోతే వద్దన్నారు, పరీక్షకి వెలుతురు కావాలని."

నేను అన్నం కలుపుకుంటున్నాను. ఆవిడే మళ్ళీ అంది. "మీ తమ్ముడు వెళ్ళిపోతుంటే నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఉండవయ్యా, భోంచేసి వెళ్ళు అంటే, 'వదినా, ఆకలి లేదు' అన్నాడు. అంతే. మళ్ళీ మన గడప తొక్కలేదు."

జూన్ 16

సంఘం కాగితం మీద ధ్రువపత్రం రాశాను. మూడుసార్లు చింపి నాలుగోసారి కుదిరింది. "ఈ నాణెంపై గల గాటు టంకశాలలో సంభవించిన అసలైన లోపము. నాటి పరీక్షలో పొరపాటున దానిని కోతగా పేర్కొనడమైనది." సంతకం, ముద్ర. పొరపాటు నాదేనని ఒప్పుకున్నాను కదా, ఇంతకంటే మనిషి ఏం చేస్తాడు అనుకుంటూ బయలుదేరాను.

లేత్ షాపుల వీధి మారిపోయింది. మలుపులో టీ కొట్టతన్ని అడిగాను, ఫలానా ఫిట్టరు షాపు ఎక్కడని. పేరు చెబితే తెలియలేదు. కలిసిన కనుబొమలు, పొట్టి మనిషి అని చెప్పాను. "ఓ, ఆకురాయి షాపా? అలా చెప్పరేం! ఎడమ చేతి వైపు నాలుగోది" అన్నాడు. ఎగతాళి ఏమీ లేదు అతని గొంతులో. అసలు పేరన్నట్టే అన్నాడు.

తమ్ముడు లేత్ మీద ఏదో ఇరుసు తిప్పుతున్నాడు. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. నన్ను చూసి మిషన్ ఆపాడు. స్టూలు మీద నూనె మరక ఉంటే గుడ్డతో తుడిచి, "కూర్చో అన్నయ్యా" అన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మేకుకి వట్టి తాళంచెవి చూసినప్పుడే అనుకున్నా" అన్నాడు. "టీ తాగుతావా?"

వద్దని కాగితం చేతికిచ్చాను. చేతులు కడుక్కుని వచ్చి, వెలుతురు ఉన్నచోట నిలబడి రెండుసార్లు చదివాడు.

"పొరపాటు అని రాశావు."

"అవున్రా. పొరపాటే. నాదే. కింద సంతకం కూడా పెట్టాను చూడు."

"అన్నయ్యా, ఒక మాట చెప్పనా? ఆ రోజు హాల్లో అందరూ నాణెం చూస్తున్నారు. నేనెందుకు చూస్తాను, అది నాదే కదా. నేను నీ చెయ్యి చూస్తున్నా. నీ బొటనవేలు గాటు దగ్గర మొదలైంది, అంచు చుట్టూ తిరిగింది, సరిగ్గా ఎదురుకి వచ్చి ఆగింది. వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పట్టుకున్నాడు, ఇప్పుడు చెప్తాడు, నాన్న పేరు చెప్పి చెప్తాడు అనుకున్నా."

బయట ఎవరో ఇనుప గొట్టాలు దించుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు.

"నీకు కనపడలేదంటే నాకేం బాధ? మర్నాడే మీ ఇంటికొచ్చేవాణ్ణి. నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళాయా అని నాలుగు తిట్టి, వదిన చేత టీ పెట్టించుకుని తాగి వచ్చేవాణ్ణి."

"లేదురా. నాకు నిజంగా…"

"సరే అన్నయ్యా." కాగితాన్ని పాత మడతల మీదే మడిచి నా జేబులో పెట్టాడు. వాడి వేళ్ళ నూనె వాసన ఇప్పటికీ నా చొక్కాకు ఉంది. "ఇది కొలతకి రాలేదు. నాణెం అమ్మాయి నీకిచ్చింది, అమ్మాయికే ఇవ్వు. నాకు పనుంది."

లేత్ మళ్ళీ వేశాడు.

జూన్ 17

వాడిది భ్రమ. పదకొండేళ్ళ నాటి బొటనవేలు ఎవరికి గుర్తుంటుంది?

కుడి కన్ను రాయడం మరిచిపోయాను. మసకే.

జూన్ 18

కోపం ఉన్నవాడు ఏదైనా ఊహించుకుంటాడు. వేలు నాది. అది ఎక్కడ ఆగిందో నాకు తెలియదా?

జూన్ 19

తెలుసు.

జూన్ 20

ఈ పుస్తకం డాక్టరమ్మకు చూపించేది లేదు కాబట్టి రాస్తున్నాను.

నాన్న ఉద్యోగం విరమించిన రోజు తన నాణేల డబ్బా నాకిచ్చాడు. రెండు వందల పైచిలుకు నాణేలు. ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడి ఒక్కొక్కటే ఏరినవి. తమ్ముడికి మాత్రం ఒక్కటి ఇచ్చాడు. పడవ బొమ్మది. వాడికి నాణేలంటే అంత పిచ్చి కూడా లేదు, చక్రాలూ బోల్టులూ తప్ప. అయినా అన్నిటిలోకి మంచిది వాడికిచ్చాడు. నాకు రెండు వందలు ఇచ్చాడు, వాడికి ఒకటి ఇచ్చాడు, నేను ఆ ఒక్కదాని కోసం కుళ్ళుకున్నాను. డబ్బా తీసినప్పుడల్లా అందులో లేనిదే కనపడేది నాకు. ఈ మాట మా ఆవిడకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉండేది, అందుకని అది లేనట్టే ఉన్నాను.

ఆ ఏడాది ఎగ్జిబిషన్ కోసం మూడేళ్ళు కష్టపడి బల్ల నింపాను. ప్రతి నాణెం కిందా నా చేత్తో చీటీ. ఎవరూ నిలబడలేదు. అందరూ తమ్ముడి చుట్టూ మూగారు. నాతో ఒక్క మాట చెప్పకుండా తెచ్చాడు, నన్ను ఆశ్చర్యపరచాలని. కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, చేతిరుమాలులో ఆ ఒక్క నాణెం పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "నాకేం తెలీదండీ, మా అన్నయ్య చూసి చెప్తాడు, ఆయనే దీనికి పెద్ద" అంటున్నాడు. నా గురించి అంత గర్వంగా చెబుతున్నాడు. అది కూడా వినపడింది నాకు.

హెడ్మాస్టారు తెచ్చి నా చేతిలో పెట్టారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వేలు తిప్పాను. ఎదురుగా గట్టు లేదు. మొదట నాకు సంతోషమే కలిగింది, నిజంగా. నాన్న ఎంత గొప్పగా ఏరాడు అనుకున్నాను. ఆ వెంటనే, వాడికిచ్చాడు అనుకున్నాను. మళ్ళీ వేలు తిప్పాను. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఆకురాయి పెట్టి కోసింది ఇది" అన్నాను.

తమ్ముడు నవ్వాడు ముందు, వేళాకోళమాడుతున్నాననుకుని. తరువాత, "లేదన్నయ్యా, ఆ మూల పాప వేలికి గుచ్చుకుంటోందని రెండుసార్లు రుద్దాను, అంతే" అన్నాడు.

"చూశారుగా, తనే ఒప్పుకున్నాడు" అన్నాను నేను, హాలంతటికీ వినపడేలా. ఎవరో వెనకనుంచి "ఆకురాయి!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పాప నాన్న చెయ్యి పట్టుకుని నన్నే చూస్తోంది. ఏ వేలికి గుచ్చుకుందో ఆ వేలు ఎత్తి నాకు చూపించింది, పెదనాన్నకు చూపిస్తే సరిపోతుందన్నట్టు.

ఆ వేలు కూడా చూశాను. అన్నీ చూశాను ఆ రోజు.

జూన్ 22, ఆదివారం

ఎనిమిది మంది వచ్చారు క్లాసుకు. వెనక కుర్చీల్లో పాత సభ్యులు పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఆ రోజు నవ్వినవాళ్ళే.

బోర్డు మీద బొమ్మ గీయలేదు. పడవ నాణెం ఇచ్చి చేతులు మార్చుకోమన్నాను. అందరూ రంధ్రం చూసి పెదవి విరిచారు. ఒకాయన ఆకురాయి గీతలు పట్టుకుని "కోత" అన్నాడు. మూడో వరసలో ఒకావిడ ఉంది, దర్జీ. కళ్ళు మూసుకుని అంచు పట్టి తిప్పింది, బట్ట అంచు చూసినట్టే. ఎదురుగా ఆగింది.

"ఇక్కడ గట్టు లేదండీ. రంధ్రం తర్వాత పెట్టారు, గీతలూ తర్వాత పడ్డవే. గాటు మాత్రం పుట్టుకతో వచ్చింది" అంది.

"ఎంతసేపు పట్టింది?" అన్నాను.

"ఒక్క నిమిషం కూడా పట్టలేదండీ."

"నాకూ అంతే పట్టింది" అన్నాను. "పదకొండేళ్ళ క్రితం, ఆ కిటికీ దగ్గర."

మిగతాది చెప్పాను. డబ్బా సంగతి కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. అమ్మాయికి కబురు చేశాను, వాడికి చెప్పమని. గుమ్మంలో ఎవరూ లేరు.

అయిపోయాక హెడ్మాస్టారు లేచి, "ఎందుకండీ ఇప్పుడు ఇదంతా? అందరూ ఎప్పుడో మరిచిపోయారు" అన్నారు.

"ఎవరూ మరిచిపోలేదు మాస్టారూ. వాడి షాపుకు దారి అడిగి చూడండి, ఏ పేరు చెబుతారో."

బీరువాలోంచి ఆ ఏడాది రిజిస్టరు తీయించాను. తమ్ముడి పేరు ఎదురుగా నా చేతిరాతతో ఒకే మాట, కోత. దాన్ని కొట్టేసి, పక్కన, "పరీక్షకుడు నిజం తెలిసే అబద్ధం చెప్పాడు. నాణెం అసలైనది" అని రాసి సంతకం చేశాను. పరీక్షకుడి ముద్ర హెడ్మాస్టారి ముందు పెట్టాను. పుచ్చుకోరేమో అనుకున్నాను. పుచ్చుకున్నారు. పుచ్చుకోవడమే న్యాయం. అయినా లోపల ఎక్కడో కలుక్కుమంది. ఈ వయసులో కూడా నాకు ఆ ముద్ర మీద మమకారం చావలేదు.

మెట్లు దిగుతుంటే వెనక ఒకాయన పక్కవాడితో అంటున్నాడు, "ఇంతకీ ఆ ఆకురాయి నాణెం నిజమైనదేనన్నమాట!" అని. పేరు మాత్రం అలాగే ఉంది. అది నేను రిజిస్టర్లో కొట్టేస్తే పోయేది కాదు.

జూన్ 24

అమ్మాయి ఫోన్ చేసింది. "క్లాసుకి వచ్చినవాళ్ళని అడిగి తెలుసుకుని నాన్నకి చెప్పాను పెదనాన్నా, మీరు అన్నదంతా. డబ్బా సంగతి కూడా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. లేత్ ఆపలేదు. కాసేపయ్యాక, పెదనాన్నకి ఆపరేషన్ ఎప్పుడు అని అడిగాడు. అంతే."

జూన్ 27

ఆయన కుడి కంటికి కట్టు కట్టారు. డాక్టరమ్మకి చూపించాలి కదా, ఒక్క రోజు కూడా తప్పకూడదని కొట్టు సొరుగులోంచి నేనే, ఆయన ఇంటావిడని, తీసి రాస్తున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. నొప్పి లేదంటున్నారు. వెనక పేజీలు చదవలేదు.

చదివాను. డాక్టరమ్మకి చూపించను లెండి.

జూలై 1

కుడి కన్ను: స్పష్టం. గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోటు కూడా కనపడుతోంది. ఇంత మాసిపోయిందా ఈ కొట్టు.

సాయంత్రం పని దిగాక అమ్మాయి వచ్చింది, నాణెం తీసుకెళ్ళడానికి. ఇచ్చేముందు ఒక్కసారి చూస్తానని భూతద్దం లేకుండానే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్త కంటితో చూస్తే ఒకటి తట్టింది. ఇన్ని రోజులూ రంధ్రాన్ని దెబ్బ అని పక్కన పెట్టేశాను కానీ, అది ఎక్కడ ఉందో ఆలోచించలేదు. బిళ్ళ నిటారుగా వేలాడాలంటే రంధ్రం అంచు దగ్గర పెట్టాలి. గాటుకు సరిగ్గా ఎదురుగా గట్టు లేదు, అంతా చదును, డ్రిల్లు జారదు. ఏ ఫిట్టరైనా కళ్ళు మూసుకుని అక్కడే పెడతాడు. వీడు పెట్టలేదు. బొమ్మ మీద, ఎత్తుపల్లాలు ఉన్నచోట, బిళ్ళ వంకరగా వేలాడే చోట పెట్టాడు.

"ఆ రోజు షాపులో నువ్వూ ఉన్నానన్నావు కదమ్మా. మధ్యలో ఎందుకు పెట్టాడు?"

"నేనూ అదే అడిగాను పెదనాన్నా. ఇక్కడ పెట్టు నాన్నా, ఇక్కడ పలచగా ఉంది అని వేలు పెట్టి చూపించా. నా చెయ్యి తీసేశాడు."

"ఏమన్నాడు?"

అమ్మాయి నాణేన్ని రుమాలులో చుట్టింది. "అంచు ముట్టుకోవద్దమ్మా, మీ పెదనాన్న దాన్ని మళ్ళీ చూడటానికి వస్తాడు అన్నాడు. అందుకే జేబులో కూడా పెట్టుకోడు. అరిగిపోతుందని మేకుకే ఉంచుతాడు."

పదకొండేళ్ళు.

అమ్మాయి వెళ్ళాక కొట్టు తలుపు వేసి కూర్చున్నాను. కంటికి తడి తగలకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

రేపు పొద్దున లేత్ షాపుల వీధికి వెళ్తాను. ఈసారి కాగితం ఏమీ తీసుకెళ్ళను. వాడు మాట్లాడితే వింటాను. మాట్లాడకపోతే ఆ స్టూలు నేనే తుడుచుకుని కూర్చుంటాను.